ముల్లు చూపింది ఒకటి, నేను చెప్పింది ఒకటి

పన్నెండేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను. పెద్ద నేరమేమీ కాదని చాలాసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరి సొమ్మూ తీయలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆదివారం ఆదివారం నా భార్యకు ఒక అంకె తప్పుగా చదివి చెప్పాను, అంతే. ఆ 'అంతే' దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పడం కాస్త తేలిక.

యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో మా ఇల్లు. నేను గుమాస్తాను. నా భార్య సరోజ ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మేది. అప్పటికి ఆమెకు నలభై రెండు, నాకు నలభై ఆరు. ఇద్దరం లావే. సంతోష్‌నగర్‌లోని డాక్టరమ్మ మా ఇద్దరి రక్తపరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. షుగర్ గడప దాకా వచ్చిందనీ, చెరో పది కిలోలు తగ్గితే వెనక్కి పోవచ్చనీ చెప్పింది. మూడు నెలల ముచ్చటైతే అసలు మొదలే పెట్టవద్దంది. నడకైనా, నోరు కట్టుకోవడమైనా బతికినన్నాళ్ళూ చేయాల్సిందేనంది. తిరిగి వస్తూ దారిలోనే సరోజ ఇద్దరికీ బూట్లు కొన్నది.

నేను తొమ్మిది రోజులు నడిచాను. పదో రోజు మోకాలు నొప్పన్నాను. నొప్పి నిజమే, కానీ మంచం దిగలేనంత కాదు. సరోజ మాత్రం ఆగలేదు. అక్కలా చూసుకునే పక్కింటి సబీహా ఆపాను తోడు తీసుకుని, చీర కుచ్చిళ్ళ కింద బూట్లతో దబీర్‌పురా దాకా పోయి వచ్చేది. రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టెతో సరిపెట్టుకుంది. చాయ్‌లో చక్కెర మానేసింది. రంజాన్ నెలలో ఆపా వాళ్ళింటి నుంచి హలీం వస్తే, ఒక్క చెంచా రుచి చూసి గిన్నె నా వైపు జరిపేది. నేను ఖాళీ చేసేవాణ్ణి.

ఆదివారం పొద్దున బరువు చూసుకోవడం. ముల్లు తిరిగే చిన్న మిషన్ ఒకటి ఇంట్లో ఉండేది. కళ్ళద్దాలు పెట్టుకున్నా, నిలబడి చూస్తే ఆమెకు అందులోని అంకెలు ఆనేవి కావు. "నేను వంగితే ముల్లు కదులుతది. మీరే చూసి చెప్పుండ్రి," అని, ఎదురుగా గోడవైపు చూస్తూ కదలకుండా నిలబడేది.

మూడో ఆదివారం, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ముందు నేను ఎక్కి చూసుకున్నాను. కిలోన్నర పెరిగాను. కాసేపటికి ఆమె వచ్చి ఎక్కింది. వంగి చూశాను. రెండు కిలోలు తగ్గింది. తలెత్తి చూస్తే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"అంతే ఉంది," అన్నాను.

నోరు జారిందని చెప్పుకుందామనుకుంటాను. మరి ఆ తర్వాతి ఆదివారం? ఆ పై ఆదివారం? పదకొండు వారాలు ఒకే చోట నోరు జారుతుందా?

ఎందుకు చెప్పానని ఎన్నోసార్లు తవ్వుకున్నాను. మొదట దొరికిన జవాబు, ఒకసారి అబద్ధమాడాక నిజం చెప్పే దారి మూసుకుపోయిందని. అది నిజమే, కానీ మొదటిసారి ఎందుకన్నదానికి అది జవాబు కాదు. ఆమె చేయగలిగితే నేను చేయలేకపోవడానికి నా దగ్గర సాకు ఉండదు. అదీ నిజమే. వాటి కింద ఇంకొకటి ఉంది, రాయడానికి సిగ్గేస్తోంది. ఆమె మారుతోంది. నడిచొచ్చి, చెమట తుడుచుకుంటూ, ఆపాతో గేటు దగ్గర నవ్వుతూ నిలబడే సరోజ నాకు కొత్తగా కనబడేది. నేను లేకుండానే అంత సంతోషంగా ఉండటం నాకు నచ్చలేదు. నాతో పాటు కూర్చుని, నాతో పాటు తిని, నాతో పాటు 'రేపటి నుంచి చూద్దాం' అనుకునే మనిషి కావాలనిపించింది. ఇది ప్రేమా? కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదా అంటే, కొంచెం తెలుసు.

రెండు నెలలు దాటాక ఒకరోజు అద్దం ముందు నిలబడి అడిగింది.

"జాకెట్లు ఒదులైతున్నయి. మరి ముల్లు ఎందుకు కదుల్తలేదు?"

"ఉతికి ఉతికి సాగినయి."

"ఆపా గూడ సన్నగైనవ్, కసమ్‌సే అని ఒట్టేసి చెప్తుంది."

"ఆపా మనసు మంచిది. ఎవరికైనా గట్లనే చెప్తది."

జాకెట్ చెయ్యి దగ్గర వదులును పట్టి చూసుకుంది. "డాక్టరమ్మ దగ్గరకన్న పోయి చూపించుకుంటా."

"కొంచెం తగ్గినంక పోరాదు. ఇప్పుడు పోతే ఏమంటది?"

తల ఊపింది. తన కళ్ళకు కనిపించినదాన్ని కాదనుకుని నా మాట నమ్మింది.

ఆ తర్వాత రాత్రి రొట్టె కూడా మానేసింది. సాయంత్రం ఇంకోసారి నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆపా వాళ్ళ గడపలోనే కళ్ళు తిరిగి కూలబడింది. నేనూ ఆపా పట్టుకుని ఇంటికి తెచ్చాం. నిమ్మకాయ నీళ్ళు కలిపి తాగించాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ వారమే మానేసింది. ఏడవలేదు. "నా ఒళ్ళే గిట్లాంటిది," అంది. మర్నాడు పొద్దున నాతో పాటు కూర్చుని బిస్కెట్లతో చాయ్ తాగింది. నేను కోరుకున్నది అదే కదా. ఆ చాయ్ నేను సగంలోనే వదిలేశాను.

తగ్గినదంతా ఏడాది తిరగకముందే తిరిగొచ్చింది. తర్వాత షుగర్ వచ్చింది. ముందు మాత్రలు, ఇప్పుడు సూదులు. నాకూ వచ్చింది, కానీ నాది నేను తెచ్చుకున్నది. నడక మానకపోతే ఆమెకు రాకపోయేదా? ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. ఆ అవకాశాన్ని ఆమెకు లేకుండా చేసింది మాత్రం నేనే. పెళ్ళిళ్ళలో ఎవరైనా బరువు మాటెత్తితే, "మూడు నెలలు కడుపు మాడ్చుకున్న, ఒక్క కిలో తగ్గలే," అని నవ్వుతూ చెప్పేది. నేను పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఈ మధ్య మా అమ్మాయి కావ్యకు కూడా డాక్టరు అదే మాట చెప్పారు, బరువు తగ్గమని. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నాలుగు రోజులు నడిచి ఆపేసింది. ఎందుకు ఆపావని అడిగితే, "అమ్మతోనే కాలేదు, నాతోని ఏమైతది డాడీ. మన ఒళ్ళే గట్లాంటిది," అంది. నా అబద్ధాన్ని ఆ పిల్ల తల్లి నుంచి పుట్టుకతో వచ్చిన గుణమనుకుంటోంది.

ఆ మాట విన్న ఆదివారమే మధ్యాహ్నం సరోజ చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. మొదటి వారం నుంచి చివరి వారం దాకా, జాకెట్ల మాటతో సహా. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నిజంగ ఎంత తగ్గిన?" అని అడిగింది.

"ఆరున్నర కిలోలు."

"ఆరున్నర," అంది మెల్లగా. ఇంకోసారి అనుకుంది, పెదాలు మాత్రమే కదిలాయి. తర్వాత లోపలి గది వైపు తిరిగి, మామూలు గొంతుతో పిలిచింది. "కావ్యా, రేపు పొద్దున నడవనీకి పోదాం. అప్పట్ల నేను ఆరున్నర కిలోలు తగ్గిన. మీ నాయిన ఇప్పుడు చెప్పిండు."

క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

ఇప్పటికి నెలన్నర అయింది. తల్లీ కూతుళ్ళిద్దరూ పొద్దున్నే వెళ్తున్నారు. నన్ను రమ్మనరు. వాళ్ళు వెళ్ళిన పావుగంటకు నేనూ బయల్దేరి వేరే దారిలో నడుస్తున్నాను. సరోజ నాతో కూరగాయల గురించి, కరెంటు బిల్లు గురించి మాట్లాడుతుంది. ఆ విషయం ఎత్తదు. ఎత్తిన రోజున ఏమంటే అది వింటాను. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలిసింది నాకొక్కడికే, తెలియనిది ఆమెకు. దానికన్నా ఇప్పుడు నాకే తెలియకపోవడం నయంగా ఉంది.