పొయ్యి పక్కన ఆరిన బంతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల కన్నా జాగ్రత్తగా చూసుకునే వస్తువు ఒకటుండేది. అది తోలు బంతి. మా బాపుకు అన్న, మా పెద్దబాపు, నల్లగొండలో కొత్తగా పెట్టిన కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. కాలేజీ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బంతే. మైదానమంటే రాళ్లూ తుమ్మముళ్లూ. తెల్లారగానే ఆటగాళ్లంతా వరుసగా వంగి వాటిని ఏరేవాళ్లు. తర్వాత పెద్దబాపు చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని మైదానమంతా నడిచేవాడు. కాలికి ముల్లు గుచ్చుకుందా, ఆ రోజు ఆట లేనట్టే. అంత కచ్చితమైన మనిషి. ఆయన దగ్గు వినబడితే చాలు, పిల్లలమంతా గప్‌చుప్.

ఒకసారి భువనగిరి వాళ్లతో పోటీకి ముందురోజు పొద్దున వాన పడింది. గోల్‌కీపర్ అన్న తడిసిన బంతిని మా ఇంట్లో ఇచ్చిపోయాడు. తడి తోలును నీడలోనే ఆరబెట్టి ఆముదం రాయాలని పెద్దబాపు వందసార్లు చెప్పి ఉంటాడు. నేను వింటే కదా! మా అవ్వ తడిసిన చెప్పులను పొయ్యి పక్కన పెడితే ఇట్టే ఆరిపోయేవి. బంతినీ అక్కడే పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా. కాసేపటికి చూద్దును కదా, తోలు చెక్కలా బిగుసుకుపోయి, కుట్ల దగ్గర పగిలి ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దాన్ని తెచ్చి ఎప్పుడూ ఉండే గూట్లో పెట్టేసి, వడ్ల బస్తాల వెనక దాక్కున్నాను.

సాయంత్రం పెద్దబాపు బంతి చూశాడు. చివరగా పట్టుకున్నది గోల్‌కీపర్ అన్న కాబట్టి అతణ్ణే పిలిపించాడు. బంతి పాడుచేసినవాడు ఆడకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. ఆ అన్న తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. కొడుకు ఆట చూడాలని మర్నాడు పని మానుకుని నకిరేకల్ అవతలి ఊరినుంచి వస్తున్నారు. "నాకేం ఎర్కలేదు సార్" అంటున్న ఆ అన్న గొంతు బస్తాల వెనక్కి వినబడుతోంది. చెబితే పెద్దబాపు చంపేస్తాడు. చెప్పకపోతే రేపు ఆ అమ్మానాన్నలు వచ్చి, కొడుకు గట్టున కూర్చుని ఉండటం చూస్తారు.

ఎలా బయటికొచ్చానో నాకే తెలియదు. "నేనే... పొయ్యి కాడ పెట్టిన" అని బావురుమన్నాను.

పెద్దబాపు చెయ్యి లేచింది. గట్టిగా కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. ఆయన నా అరచేతిని పట్టుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. లోపల గుండె దడదడ కొట్టుకుంటోంది, అచ్చం నాదానిలాగే.

"చూసినవా బిడ్డా? రేపు ఆట ఉన్నదంటే నాకూ గిట్లనే అయితది. నా చేతులు వణుకుడు గీ పోరగాండ్లకు కనవడొద్దని ఎనకకు కట్టుకుంట. నేను దాసుకున్న. నువ్వు చెప్పినవ్."

ఆ వెంటనే నన్ను చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకుపోయాడు. ఆ తాత కుట్టినంతసేపూ బంతిని నేనే పట్టుకోవాలి. అదే నా శిక్ష. మర్నాడు గోల్‌కీపర్ అన్న ఆడాడు. మనవాళ్లు ఓడిపోయారు లెండి. అయినా ఆ అమ్మానాన్నలు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

రాష్ట్రం వచ్చాక మా దగ్గర కట్టిన పెద్ద దవాఖానలో మొన్న నాకు కంటి ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకుపోతూ నర్సు పిల్ల "భయమైతుందా అవ్వా?" అని అడిగింది. "మస్తు భయమైతుంది బిడ్డా" అన్నాను, ఏ సిగ్గూ లేకుండా. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యీ వణుకుతోంది. "నాకు గూడా అవ్వా, ఇయ్యాలనే డ్యూటీల చేరిన" అంది మెల్లగా. ఇద్దరం చెయ్యి వదలకుండానే లోపలికి పోయాం.