అమ్మ కట్టిన ముందుగోడ

మా చిన్నప్పుడు... కోవూరులో మా ఇంటి ముందుగోడను వేలితో గీకితే ఎర్రటి పొడి రాలేది.

ఐదిళ్లు ఒకే వరసలో, గోడకు గోడ ఆనుకుని ఉండేవి. అన్నీ పూత లేని ఇటుక గోడలే. అరవైల నాటి మాట ఇది... అప్పటికే ఆ ఇళ్లు కట్టి రెండు తరాలయింది. నేలలోని చవుడు ఇటుకలకెక్కి, మా కిటికీ కింద గోడంతా గుల్లబారిపోయింది. పక్కింటి మస్తాన్ మామ రేకు పెట్టెలు, దీపపు బుడ్లు చేసేవాడు. కనపడినప్పుడల్లా నాయనతో అదే మాట... "అన్నా, మీ గోడ కూలిందంటే మాది కూడా దాంతోపాటే వస్తాది."

దీపావళి నాటి ఐప్పసి వానలు దగ్గరపడ్డాయి. ఊళ్లో తాపీ పనివాళ్లంతా నెల్లూరులో పెద్ద కట్టడాలకు పోయారు. నాయన బియ్యం మిల్లులో పని చేసేవాడు, తాపీ పట్టి ఎరగడు. అయినా "మన గోడ మనం కట్టుకోలేమా?" అని మొదలుపెట్టేశాడు.

పైభారం దిగకుండా తాటిదూలం ఊతం పెట్టి, చెడిన ఇటుకలు ఒక్కొక్కటే ఊడబెరికాడు. కిటికీ కింద మనిషి దూరేంత బొక్క పడింది. వీధిలో పోయేవాళ్లకు మా ఇంట్లో ఉట్టి కూడా కనిపించేది...

సున్నపురాళ్లు గుంటలో పోసి నీళ్లు పడుతుంటే, సున్నం ఒక్కసారిగా పొంగి నాయన రెండు చేతుల మీదా చిందింది. ఆ కేక నాకింకా గుర్తే. అమ్మ గాబులో నీళ్లన్నీ ఆ చేతుల మీదే కుమ్మరించింది. డాక్టరుగారు వేళ్లు కనపడకుండా కట్లు కట్టి, మానేదాకా పని మాట ఎత్తొద్దన్నారు.

ఆ సాయంత్రమే తూర్పున మబ్బు పట్టింది. నాయన ఆ బొక్క వైపే చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారి అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గేసి, కొంగు నడుముకు బిగించి తాపీ చేతికి తీసుకుంది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, గడప దాటి వచ్చింది.

"ఏందమ్మే ఇది? నడివీధిలో నిలబడుకోని గోడ కడతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"వానొస్తే నలుగురిళ్లల్లోకి పోదు అత్తా, మనింట్లోకే వస్తాది."

అవ్వ లోపలికి పోయి గది తలుపు వేసుకుంది.

అమ్మకూ తాపీ పని రాదు. ఇంట్లో మట్టిపొయ్యి మాత్రం ఎప్పుడూ ఆమే వేసుకునేది... ఆ చేతివాటమే. మొదట పేర్చిన వరసలు పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చాయి. కాసేపు అలాగే చూసి, ఎవరూ అనకముందే తనే పడగొట్టింది. మస్తాన్ మామ పనిముట్లు పక్కన పెట్టి వచ్చి, దారం ఒక కొస గోడకు కట్టి, రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు. "ఈ దారం దాటి రానీబాక అక్కా." నేనూ, మా అక్కా రోట్లో సున్నం, ఇసుక దంచి గంపలకెత్తాం.

మధ్యాహ్నం వీధిలో పోతున్న బండి ఒకటి ఆగింది. దాని మీదున్న పెద్దాయన నాయనకు మామ వరస.

"ఏం మే, ఆ ఇంట్లో మగోడు లేడా?"

అమ్మ చేతిలో తాపీ ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న నాయన లేచి విసురుగా లోపలికి పోయాడు. కోపమొచ్చింది, ఇక పని ఆపించేస్తాడు అనుకున్నాను. కాసేపటికి పెరట్లోంచి వచ్చాడు... కట్లున్న చేతులు పైకెత్తి, మోచేతుల మీద నానబెట్టిన తడి ఇటుకలు పెట్టుకుని, గడ్డంతో అదిమి పట్టుకుని.

"ఉండాడు మామా. ఇటికలు అందిస్తావుండాడు."

బండి కదిలింది. అమ్మ ఆ మోచేతుల మీది ఇటుక తీసుకుని వరసలో పెట్టింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినపడింది.

ఆఖరి ఇటుక కిటికీ చట్రం కింద ఇరికించే రోజున, పొద్దు వాలే వేళకు చినుకులు మొదలయ్యాయి. పచ్చి సున్నం మీద వాన కొడితే అంతా కారిపోతుంది. తాటాకులు అడ్డం పెట్టాం... చాలలేదు. అప్పుడు అవ్వ గది తలుపు తెరుచుకుంది. తను పడుకునే చాప, బొంత పట్టుకొచ్చి గోడకు ఆనించి, రెండు చేతులతో అదిమి నిలబడింది. నెత్తి మీద నీళ్లు కారుతున్నా కదల్లేదు.

"ఆ పైవరస వంకరగా ఉండాది. చూసుకున్నావా?"

"చూసినా అత్తా."

"ఉండనీలే. నిలబడితే చాలు."

రాత్రంతా వాన. పొద్దున్నే అందరికంటే ముందు అమ్మే బయటికి పోయింది. ఒక మూల కాస్త సున్నం కొట్టుకుపోయింది, అంతే. గోడ నిలబడింది!

వానలు వెలిశాక మస్తాన్ మామ ఇంటి గోడ సందులు కూడా అమ్మా, మామ భార్యా కలిసి పూడ్చారు. నాయన చేతులు మానాయి గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు. ఇంటికెవరొచ్చినా సరే, ముందు బయటే నిలబెట్టి, "ఇది మా ఇంటామె కట్టిందబ్బా" అని చూపించాకే లోపలికి రమ్మనేవాడు.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు... ఆ వరస ఇళ్లూ లేవు. మొన్న మా అపార్టుమెంటు గోడ పగిలితే ఫోన్ చేశాం. ఎవరో వచ్చి, పూడ్చి, రంగేసి పోయాడు. పేరు అడగాలని కూడా మాకెవరికీ తోచలేదు...

మీ ఇంట్లో ఏ గోడ, ఏ అరుగు, ఏ పొయ్యి ఎవరి చేతులతో లేచిందో గుర్తుందా? ఆ మనిషి పేరు ఇక్కడ రాయండి. చదువుకుంటాను.