తొక్కనక్కర్లేని మగ్గం

ధర్మవరంలో ఆదెప్పను చెవి మీద పెన్సిలు లేకుండా ఎవరూ చూడలేదు. మాట్లాడుతూనే అరచేతిలో ఏదో గీసుకుంటాడు. మోకాళ్లు అరిగిన భార్య సుశీలమ్మ కోసం, అరువు తెచ్చిన మోటారు బిగించి, కాళ్లతో తొక్కనక్కర్లేని మగ్గం తయారుచేశాడు. సొంత మోటారు కొనుక్కుందామని, కొత్తవి కనిపెట్టేవాళ్లకు సర్కారు ఇచ్చే సాయం కోసం పెనుకొండలో ఆఫీసుకు ఐదోసారి పోయాడు.

"ఇట్లాంటిది ముందు ఎవురన్నా వాడినట్టు సర్టిఫికెట్ ఉండాదా?" అన్నాడు గుమాస్తా.

"ఎవురూ చేయలేదనే గదా సార్, నేను చేసింది!"

"రూలప్పా. నేనేం చేసేది?" అంటూ అతను కాగితాలు వెనక్కిచ్చాడు.

మరునాడు మోటారు ఇచ్చినాయన వచ్చి విప్పుకుపోయాడు. చీర సగంలో ఉంది. సుశీలమ్మ గోడ పట్టుకుని మగ్గం గుంటలోకి దిగింది. మొదటి తొక్కుకే ఆమె పళ్లు బిగబట్టింది. ఆదెప్ప చూడలేక వీధిలోకి వెళ్లిపోయాడు.