పర్మిషన్ బావ, ఒక తెల్ల దీపం

మా అక్క మొగుడికి, అంటే మా బావకి, ఒకే ఒక్క జబ్బు. అడగకుండా ఏదీ ముట్టుకోడు. పరాయి వస్తువులంటే సరే, తన సొంతవి కూడా అంతే. తన చొక్కా జేబులో పెన్ను కావాలన్నా చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగుతుంది. "పెన్ను ఇస్తావా?" అని జేబునే అడిగి, మర్యాదకి ఓ క్షణం ఆగి, అప్పుడు తీస్తాడు. చెవి దగ్గర దోమ పాడితే "కొట్టనా?" అనేవాడు. ఆ మర్యాదకి కరిగిపోయి దోమలు ఆయన్ని వదిలేసి మా అక్కని కుట్టేవి.

నేను కాన్వెంటులో చదివాను. "లోపలికి రావచ్చా?" అనే ఒక్క ముక్క నేర్పడానికి సిస్టర్లు నా మీద బోలెడు స్కేళ్లు విరగ్గొట్టారు. అయినా నేను కిటికీలోంచే దిగేవాణ్ణి. బావ ఏ కాన్వెంటు గడపా తొక్కలేదు. పుట్టేటప్పుడే "రానా?" అని అడిగి మరీ పుట్టాడని అక్క అత్తగారు నాతో ఒట్టేసి చెప్పింది.

ఇద్దరం ఒకే ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లం. నేను బావా అని పిలవడం విని ఆఫీసంతా ఆయన్ని పర్మిషన్ బావ అనేది. ఊళ్లో వీధిదీపాలన్నీ మా కంప్యూటరు చెప్పినట్టు వెలిగేవి. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే, సాయంత్రం ఊరు నిద్రలో నవ్వుకున్నట్టు వీధి వెంట వీధి వెలిగేది. ఆ కాసేపూ నేను కూడా నోరు మూసుకునేవాణ్ణి. నన్నెరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

ఆ దీపాల ప్రోగ్రాం బావదే. అన్నిటికీ పైన తల్లి దీపం అని ఒక క్లాసు, అంటే మిగతా దీపాలన్నీ చూసి నడుచుకునే మూస. ఏ రంగులో వెలగాలి, ఎప్పుడు ఆరాలి అన్నది ఆవిడ దగ్గర ఒక్కసారే రాసి ఉంటుంది. వంతెన దీపం, పార్కు దీపం, సందు దీపం ఆవిడ పిల్లలు. తమకంటూ ఏమీ లేనంతకాలం తల్లిదే వాడుకుంటాయి. ఏ పిల్లకైనా వేరే రంగు కావాలంటే అందుకో మెథడ్, అంటే ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క, ఉంది. దాన్ని అడిగితే ఆ పిల్లకి సొంత రంగు వస్తుంది, తల్లిది తల్లి దగ్గర చెక్కుచెదరదు.

"అడక్కుండా తల్లి దగ్గరే చెయ్యి పెడితే ఏమవుతుంది బావా?"

"మీ అక్క ఉప్పుడబ్బాలో పంచదార పోస్తే ఏమవుతుంది బామ్మర్దీ?"

"ఒక కూర పాడవుతుంది."

"ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా వండినవన్నీ పాడవుతాయి."

బావకి ఇంకో చిత్రమైన అలవాటుంది. రోజూ సాయంత్రం ఇంటికని బయల్దేరి, కాసేపటికి మళ్లీ ఆఫీసుకొచ్చేవాడు. "గొడుగు మర్చిపోయాను" అనేవాడు. మండుటెండల రోజుల్లోనూ అదే మాట.

ఇక మా మేనేజరు. ఆయనకి అడగడమంటే ఒళ్లుమంట. తలుపు తట్టడు. ఎవరి టీ కనిపిస్తే వాళ్ల టీ తాగేస్తాడు. కొత్త వంతెన ప్రారంభం నాడు, వంతెన దీపాలు ఊదారంగులో వెలగాలని పైనుంచి కబురొచ్చింది.

"ఒక్క నిమిషం సార్, మెథడ్‌ని అడిగి..." అన్నాడు బావ.

"దీపాన్ని అడిగేదేంటయ్యా! లే, నువ్వు లే!"

బావని లేపి మేనేజరే ఆ కుర్చీలో కూలబడి, తిన్నగా తల్లి దీపం రంగులోనే చెయ్యి పెట్టేశాడు.

ఊరు మొత్తం ఊదారంగయిపోయింది. రోడ్లు నదుల్లా, ఇళ్లు వాటి మీద తేలే పడవల్లా ఉన్నాయి. జనం వీధుల్లోకొచ్చి తమ చేతులు తామే చూసుకుంటున్నారు. ఆ వెలుగులో కిటికీలోంచి తొంగిచూస్తున్న నన్ను చూసి ఒక పక్షి పువ్వనుకుని భుజం మీద వాలింది కూడా. పైవాళ్లు ఫోన్ చేసి "ఊరంతానా! శభాష్!" అన్నారు. మేనేజరు మీసం దువ్వుకుంటూ కిటికీ దగ్గరికెళ్లి ఆగిపోయాడు.

"ఆ సందులో ఒక్కటి తెల్లగా ఉందేం?"

"అది సొంత రంగున్న పిల్ల సార్," అన్నాడు బావ నేల చూపులు చూస్తూ.

మేనేజరు ప్రోగ్రాంలో వెతికితే దొరికింది. ఒకే ఒక్క దీపానికి ఒక క్లాసు! రంగు తెలుపు. ఆరే వేళ రోజుకో రకం.

"ఎవర్నడిగి రాశావు?"

జేబునే అడిగే మనిషిని పట్టుకుని ఈ మాటా అని మాకు నవ్వాగలేదు.

"అడిగానండి. కాకపోతే మిమ్మల్ని కాదు."

"అయితే దాన్ని తీసేస్తా. నిన్నూ తీసేస్తా!"

"తీసే ముందు ఒకసారి వచ్చి అడగండి సార్."

ఎవర్నడగాలో చూద్దామని మేనేజరు బావని వెంటబెట్టుకుని బయల్దేరాడు. వినోదం వదులుకోలేక నేనూ వెంటపడ్డాను.

ఆ దీపం కింద వీధివైపు కిటికీ. కిటికీకి ఆనించి కుట్టుమిషను. మిషను వెనక ఒక ముసలావిడ కోటుకి గుండీలు కుడుతోంది.

"వచ్చావా నాయనా? ఇవాళ ఇంకా అడగలేదేంటా అనుకుంటున్నా," అంది బావతో. తర్వాత మేనేజరుని చూసి, "లోపలి బల్బుకి నల్లదారం, నీలిదారం ఒక్కలాగే కనిపిస్తాయి బాబూ. ఈ దీపమేమో పెందలాడే ఆరిపోయేది. ఒకరోజు ఈయన ఇటుగా పోతూ, కాసేపు ఉంచనా అని అడిగాడు. నేను వద్దన్నా. సరేనని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. వద్దంటే నిజంగా ఊరుకునే మనిషని తెలిశాకే ఒప్పుకున్నా. అప్పట్నుంచీ రోజూ వచ్చి ఎప్పటిదాకా అని అడిగి, వెనక్కి ఆఫీసుకెళ్లి అప్పటిదాకా వెలిగేలా పెట్టి వస్తాడు."

"గొడుగు..." అన్నాను నేను.

"నాకసలు గొడుగే లేదు బామ్మర్దీ," అన్నాడు బావ.

మేనేజరు పైకి చూశాడు, గుండీలు చూశాడు. 

"అమ్మా... ఈ దీపం కూడా ఊదారంగులోకి మార్చనా?"

"వద్దు బాబూ."

పుట్టాక ఎవర్నీ ఏదీ అడగలేదు కాబట్టి ఆయనకి ఆ మాట కొత్త. కొత్త మిఠాయిలా కాసేపు నోట్లోనే పెట్టుకుని, "సరేనండి" అన్నాడు. "మరి ఎప్పటిదాకా ఉంచమంటారు?"

"ఇంకో రెండు గుండీలు."

ముగ్గురం ఊదారంగు వీధుల్లో తేలుతూ ఆఫీసుకొచ్చాం. మిగతా ఊరిని మళ్లీ ఎప్పట్లా తెల్లగా మార్చే దారి రాసిమ్మని మేనేజరు అడిగాడు. అవును, అడిగాడు. బావ చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది.

"పెన్ను ఇస్తావా?"

జేబు ఏమంటుందోనని మేనేజరు కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.