తువాలుకు పోయిన చోటే సాబ్

చోటే సాబ్ తువాలుకు పోతున్నాడన్న మాట ఆదోని పత్తి మిల్లుల వీధిలో పాకినప్పుడు, సగంమంది అతను బట్టల వ్యాపారంలోకి దిగుతున్నాడనుకున్నారు. ఇంట్లో భార్య ఖాతూన్ బీ కూడా మొదట అదే అనుకుంది. ఇది ఒళ్లు తుడుచుకునే తువాలు కాదనీ, ఒక దేశం పేరనీ, పెద్ద సముద్రం నడిమధ్య ఉంటుందనీ విడమరిచి చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. అంతా విన్నాక ఆమె నవ్వలేదు. ఆ దేశంలో నీళ్లు తప్ప ఇంకేముంటాయని అడిగింది. అది 1981, దీపావళి పోయిన వారం.

చోటే సాబ్‌కు అప్పటికి నలభై రెండేళ్లు. జిన్నింగు మిల్లులో ఇంజిన్ ఫిట్టరు. ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి లోపలి రోగం చెప్పేవాడు. డెబ్బై ఆరులో, పత్తి సీజను మంచి ఊపులో ఉండగా మిల్లు పెద్దింజన్ బేరింగు కరిగిపోయింది. కొత్తది వచ్చేదాకా ఆగకుండా, బేరింగు లోపల పూతగా ఉండే తెల్ల లోహం కరిగించి, తానే పోత పోసి, గీకి నున్నచేసి, వారంలో ఇంజిన్‌ను తిప్పి చూపించాడు. ఆ సంగతి విని బొంబాయి నుంచి ఇంజిన్ల కంపెనీ ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. అప్పటినుంచి సీజను లేని నెలల్లో కంపెనీ అతన్ని హుబ్లీకీ షోలాపూరుకీ రిపేర్లకు పిలిపించుకునేది. ఈసారి పిలుపు తువాలు నుంచి వచ్చింది. అక్కడి కరెంటు ఇంజిన్ ఆ కంపెనీ చేసిందే, ఫిజీలోని ఒక గుజరాతీ వ్యాపారి ద్వారా వాళ్ల చేతికి చేరింది. అది ఆగిపోయింది, బాగుచేయడానికి పొమ్మంటే కంపెనీ ఇంజనీర్లు ఒకరి తర్వాత ఒకరు ఏదో ఒక సాకు చెప్పారు. చివరికి అది చోటే సాబ్ దాకా వచ్చింది.

ఒప్పుకున్నాడు గానీ భయం పట్టుకుంది. అతను సముద్రం చూసినవాడు కాదు. వాన కోసం మొగులు చూసే ఊళ్లో పుట్టి, తుంగభద్ర కాలువను మించిన నీళ్లు ఎరుగడు. పక్క వీధిలో ఉండే బడిపంతులు భీమసేనరావు ఇంటికి పోయి అట్లాసు తెరిపించాడు. ఇద్దరూ భూతద్దం పెట్టి వెతికారు.

"సారూ, ఈడ ఏమీ లేదే. ఉత్త నీళ్లే ఉండాయి" అన్నాడు చోటే సాబ్.

"ఉంటుందిలే సాబూ. చుక్క పెట్టేదానికి కూడా వాళ్లకు జాగా దొరికిండదు" అన్నాడు భీమసేనరావు. ఫిజీకి పైన, అందాజుగా ఒకచోట పెన్సిలుతో తానే ఒక చుక్క పెట్టాడు.

బొంబాయిలో కంపెనీ గోడౌనులో సామాన్ల పెట్టెలు అప్పజెప్పారు. పెట్టె మీది నంబరూ, చేతిలో కాగితం మీది నంబరూ చోటే సాబ్ రెండుసార్లు సరిచూసుకున్నాడు. బయట టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. మేకులు కొట్టిన పెట్టెను విప్పి చూడలేదు. ఆ తర్వాత రెండు పెద్ద విమానాలు, ఫిజీలో నాలుగు రోజుల ఎదురుచూపు, ఆపైన మోటారు జీపంత చిన్న విమానం. గంటలకొద్దీ కింద నీళ్లు తప్ప మరేమీ లేదు. పైలటు చేత్తో చూపించినప్పుడు, నీలం మీద ఎవరో తెల్లసున్నంతో గీసిన వంకర గీతలా ఉంది దేశం. అతను కలిమా చదువుకున్నాడు. కింద సైరన్ మోగింది. దిగేది గడ్డి మైదానం. దాని మీద ఆడుకుంటున్న పిల్లలనూ పందులనూ తరమడానికి ఆ సైరన్.

దీవి వెడల్పు చాలాచోట్ల ఆదోని స్టేషను ప్లాట్‌ఫారం పొడవంత కూడా లేదు. ఒక పక్క చెరువులా నిమ్మళంగా ఉన్న నీళ్లు, మరో పక్క కొండచరియలు విరిగిపడుతున్నట్టు హోరెత్తే సముద్రం. నడుమ కొబ్బరి చెట్లు, ఇళ్లు, ఒక ఆస్పత్రి, వైర్‌లెస్ ఆఫీసు, కరెంటు ఇంజిన్ల షెడ్డు. చోటే సాబ్ చుట్టూ చూసి గుట్ట కోసం వెతికాడు. ఆదోనిలో ఎటు తిరిగినా కొండ కనిపిస్తుంది. ఇక్కడ ఎత్తంటే కొబ్బరి చెట్టే.

షెడ్డు చూసుకునేది సెమీసి అనే యాభై ఏళ్ల మనిషి. మర్రిమానులాంటి ఒళ్లు, మెల్లగా మాట్లాడతాడు. కుర్రతనంలో ఫిజీ ఓడరేవులో పనిచేసి అక్కడివాళ్ల హిందీ నేర్చుకున్నాడు. దానికి చోటే సాబ్ ఉర్దూ, ఇద్దరికీ వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిసి సంభాషణ నడిచేది. సముద్రం పైకొస్తే ఎక్కడికి పోతారని చోటే సాబ్ మొదటిరోజే అడిగాడు. తొమ్మిదేళ్ల కిందటి తుఫానులో తన తల్లినీ పిల్లలనూ కొబ్బరి చెట్లకు తాళ్లతో కట్టేశామని సెమీసి చెప్పాడు, పంట సంగతి చెప్పినంత మామూలుగా. అది మళ్లీ తుఫాన్ల కాలమే. ఆ మాట విన్నాక గాలి పెరిగినప్పుడల్లా చోటే సాబ్ కళ్లు దగ్గర్లో ఉన్న చెట్టు కోసం వెతికేవి.

ఇంజిన్ విప్పడానికి మూడు రోజులు పట్టింది. రోగం అతను అనుకున్నదే, కనెక్టింగ్ రాడ్డు బేరింగు లోహం అరిగి చిట్లిపోయింది. ఈ పెద్దింజన్ పడుకోవడంతో ఒక పాత చిన్నింజన్ ఆస్పత్రినీ, మందుల ఐసుపెట్టెనూ, వైర్‌లెస్సునూ రొప్పుతూ మోస్తోంది. నాలుగో రోజు చోటే సాబ్ బొంబాయి పెట్టె మేకులు పీకాడు. గ్రీజు కాగితం విప్పి కొత్త బేరింగును షాఫ్టు మీద పెట్టాడు. కూర్చోలేదు. కొలిచాడు. పావు అంగుళం చిన్నది. పెట్టె మీద నంబరు సరైనదే, లోపలున్నది వేరే ఇంజిన్‌ది.

బేరింగును మళ్లీ కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టి, దాని మీద గోనెసంచి కప్పాడు. ఆ రోజూ మరుసటి రోజూ శుభ్రం చేసిన ముక్కలనే మళ్లీ శుభ్రం చేస్తూ గడిపాడు. దారిన పోయేవాళ్లు షెడ్డు దగ్గర ఆగి, చెయ్యెత్తి నవ్వి, వండిన చేపలూ కొబ్బరి బోండాలూ పెట్టి పోతుంటే ముద్ద దిగేది కాదు. ఒక చిన్న పెట్టె విప్పి చూడని మనిషిని నమ్మి ఒక దేశం కూర్చుంది. చిన్నింజన్ శబ్దం మారినప్పుడల్లా చేతిలో పానా ఆగిపోయేది.

మూడో రోజు ఆస్పత్రి నర్సు వచ్చింది. చిన్నింజన్ ఉదయం రెండుసార్లు ఆగిందనీ, పసిపిల్లల టీకా మందు ఐసుపెట్టెలో ఉందనీ, ఇంకెన్నాళ్లనీ అడిగింది. ఆమె అడిగిన తీరులో కోపం లేదు. అదే అతన్ని నిలవనీయలేదు. ఆమె వెళ్లగానే గోనెసంచి తీసి, పెట్టెను సెమీసి ముందుకు జరిపాడు.

"తప్పు నాది. బొంబాయిలో విప్పి చూడలేదు. రెండు రోజులుగా నీకు చెప్పకుండా దాచినాను" అన్నాడు.

సెమీసి బేరింగును చేతిలో తిప్పి చూసి కిందపెట్టాడు. తర్వాత, "చెప్పావు కదా, ఇప్పుడు ఇద్దరం ఆలోచిద్దాం" అన్నాడు.

వైర్‌లెస్‌లో కంపెనీకి కబురు పంపారు. ఆ సైజు స్టాకులో లేదు, చేయించి పంపడానికి రెండు నెలలు అని జవాబు. ఆ సాయంత్రం ఊరి పెద్దలు సభల ఇంట్లో చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. చోటే సాబ్ తలదించుకుని, వాళ్ల తిట్లకు సిద్ధపడి ఉన్నాడు. ఎవరూ తిట్టలేదు. ఇక్కడే చేయడానికి ఏం కావాలని మాత్రం అడిగారు. తెల్ల లోహం కావాలి, పెట్టెలో వచ్చినది వేరే లోహం, ఇంజిన్‌లో మిగిలింది సగానికి కూడా చాలదని చెప్పాడు. ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. పెద్ద యుద్ధంలో అమెరికావాళ్లు వదిలేసి పోయిన పడవ ఒకటి చెరువులాంటి పక్క నీళ్లలో తుప్పు పట్టి పడి ఉంది, దానికి ఇంజిన్ ఉండేది అన్నాడు.

మరుసటి ఉదయం ఆ పడవ దగ్గరికి తెప్ప మీద పోవాల్సి వచ్చింది. ఏ లోహం పనికొస్తుందో అతనే చూడాలి. చోటే సాబ్ రెండు చేతులతో తెప్ప అంచు పట్టుకుని, కళ్లు సెమీసి వీపు మీద నిలిపి, నీళ్లు నడుములోతే అయినా కిందికి చూడలేదు. ఉప్పు తిన్న ఇంజిన్ లోపలి బేరింగుల్లో లోహం ఇంకా తెల్లగా ఉంది. గోరుతో గీకి చూసి, ఇదేనని తల ఊపాడు.

కొబ్బరి చిప్పల బొగ్గు మీద ఇనప మూకుడులో లోహం కరిగించారు. మొదటి పోత చెడిపోయింది. అచ్చులో ఎక్కడో ఉప్పు చెమ్మ మిగిలింది. పోయగానే లోహం చిటపటలాడి ఎగజిమ్మి, అతని ఎడమ ముంజేయి మీద పడింది. నర్సు కట్టు కడుతుంటే అతను చేతిని చూడలేదు, మూకుడులో ఇంకెంత మిగిలిందో చూశాడు. ఇంకొక్కసారికే వస్తుంది. అది శుక్రవారం. ఆదివారం దీవిలో ఎవరూ పనిచేయరు, నిప్పు కూడా రాజేయరు. చిన్నింజన్ అప్పటికి రోజుకు మూడుసార్లు ఆగుతోంది.

శనివారం పొద్దున అచ్చును రెండు గంటలు నిప్పుల మీద ఎండబెట్టాడు. లోహంలో పుల్ల ముంచి, అది నల్లబడే తీరు చూసి వేడిని అంచనా కట్టాడు. సెమీసి పట్టకారు పట్టుకున్నాడు. చోటే సాబ్ కట్టు కట్టిన చేతితోనే, దార తెగకుండా పోశాడు. ఈసారి చప్పుడు కాలేదు. చల్లారాక సుత్తితో మెల్లగా తట్టి విన్నాడు. బోలు మోత లేదు.

ఆదివారమంతా చర్చి పాటలు వింటూ ఊరికే కూర్చోవడం అతనికి అన్నిటికంటే కష్టమైంది. సోమవారం నుంచి మూడు రోజులు గీకుడు. షాఫ్టుకు నీలం రంగు పూసి, బేరింగు పెట్టి తిప్పి, రంగు అంటినచోట వెంట్రుకవాసి గీకి, మళ్లీ తిప్పి. గురువారం ఇంజిన్ స్టార్టు చేశారు. పది నిమిషాలకోసారి ఆపి, ఇంజిన్ పక్కనున్న మూత తెరిచి, లోపల చెయ్యిపెట్టి వేడి చూశాడు. తర్వాత అరగంటకు. తర్వాత గంటకు. షెడ్డు బయట ఊరివాళ్లు గడ్డిలో కూర్చుని, అతని ముఖాన్నే చూస్తున్నారు. మూడో గంటకు బేరింగు, జ్వరం లేని మనిషి నుదురులా గోరువెచ్చగా ఉంది. చిన్నింజన్ ఆపేయమని సైగ చేశాడు.

పదిరోజులు దాన్ని కనిపెట్టుకుని ఉండి విమానం ఎక్కాడు. ఆదోనిలో ఖాతూన్ బీ అతని ముంజేతి మచ్చను చూసి, చిక్కిపోయిన ముఖం చూసి, మళ్లీ ఏ దేశానికీ పోనని మాట తీసుకుంది. అతను వచ్చాడు కానీ మనసు రాలేదు. అసలు బేరింగు చేరేదాకా తన పోత నిలవాలి. ఆదోనిలో కరెంటు పోయినప్పుడల్లా, అక్కడ కూడా పోయిందేమోనని ఉలిక్కిపడేవాడు. ఎనిమిది నెలలకు సెమీసి ఉత్తరం వస్తే భీమసేనరావు చదివి చెప్పాడు. ఓడ మూడు నెలలు ఆలస్యమైంది. పోత ఆగకుండా నడిచింది. కొత్త బేరింగు వేశాక కూడా పాతదాన్ని పారేయలేదు, అవసరానికి ఉంచుకున్నాం అని రాశాడు. చోటే సాబ్ ఆ రోజు రెండుపూటలా కడుపునిండా తిన్నాడు.

ఎనభై నాలుగులో మిల్లు మూతపడితే, ఖాతూన్ బీ పుట్టిల్లయిన ఎమ్మిగనూరుకు మారి నీళ్ల మోటార్ల రిపేరు షాపు పెట్టాడు. ఏడాదికోసారి రెండువైపులా ఉత్తరాలు నడిచాయి. ఎనభై తొమ్మిదిలో ఒకరోజు భీమసేనరావు బస్సు దిగి నేరుగా షాపుకొచ్చాడు. చేతిలో పేపరు ఉంది. భూమి వేడెక్కి సముద్రాలు పెరుగుతున్నాయట, పసిఫిక్‌లో చిన్న దీవులు కొన్ని మునిగిపోవచ్చునట.

"ఎంత ఎత్తుంటాది సాబూ ఆ దేశం?"

చోటే సాబ్ లేచి నిలబడి, చెయ్యి తల పైకెత్తి చూపించాడు. "యాడ నిలబడినా ఇంతే ఉంటాది సారూ. ఇంకా తక్కువేమో."

ఆ పూటే ఉత్తరం రాయించాడు. నీళ్లు పైకొస్తున్నాయా, మీరందరూ ఎక్కడికి పోతారు, అని ఒకే ప్రశ్నను రెండు విధాలుగా అడిగించాడు. మూడు నెలలు పోస్టుమాన్ సైకిల్ కనబడితే చాలు పని వదిలి బయటికొచ్చాడు. జవాబు రాగానే ఆదోనికి కబురంపి భీమసేనరావును షాపుకు పిలిపించాడు. కూతురికి పెళ్లయిందట. తల్లి పోయిందట, ఇంటి ముందరే పూడ్చారట. రెండు కొత్త ఇంజిన్లు వచ్చాయట, శబ్దం మాత్రం పాతదానిదే బాగుండేదట. దుంపలు పండే గుంటల్లో ఈ ఏడు అడుగునుంచి ఉప్పునీళ్లు ఊరి పంట సరిగా రాలేదట.

"సముద్రం సంగతి రాసినాడా?" అని అడిగాడు చోటే సాబ్.

భీమసేనరావు కాగితం తిప్పి చూశాడు. "లేదప్పా."

"ఆ ఉప్పు మాట ఇంకోసారి సదువు సారూ" అన్నాడు. చదువుతుంటే, చేతులకంటిన గ్రీజు తుడుచుకోవడం కూడా మరిచి అలాగే నిలబడి విన్నాడు.