సాలులో పట్టే ఎడ్లు

మా ఖాలా పోయింది. పోయిన శుక్రవారం పొద్దున కల్వకుర్తిలో కొట్టు షట్టర్ ఎత్తి, పగ్గాలు బయట వేలాడదీస్తున్నాను. ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "భయ్యా, అమ్మీ నిద్రల్నే పోయింది" అన్నాడు. పగ్గాలు సగం బయట, సగం లోపల అలాగే వదిలేసి బండి తీశాను.

ఖాలా అంటే అమ్మ చెల్లెలు. మీలో చాలామంది పిన్ని అంటారు. మా కొట్టుకు వచ్చే రైతుల్లో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. పేరుతో కాదు, "పొట్టి ఎడ్ల అక్క" అంటే తెలుస్తుంది. తెలియని వాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏడుపు మాటలు ఆమెకు నచ్చేవి కావు. అందుకే ముందే చెప్తున్నా, ఇది ఆమె గెలిచిన సంగతి.

ఆమె దగ్గర ఉన్నవి మన దిక్కు పాత నాటు పశువులు. మచ్చల ఒళ్లు, చిన్న డొక్క. పక్కన నిలబడితే మూపురం నా నడుముకు కాస్త పైకి వస్తుంది, అంతే. ఆవు ఇచ్చే పాలు ఇంటి చాయ్‌కి సరిపోతే గొప్ప. ఊరంతా పెద్ద రకాలకు మారింది, ఆ తర్వాత ట్రాక్టర్లకు మారింది. ఖాలా మారలేదు. ఏటా వానాకాలం ముందు మా కొట్టుకు వచ్చేది. స్టూలు వేసినా కూర్చునేది కాదు. గల్లా పక్కన నిలబడి చిక్కాలు తిరగేసేది. చిక్కం అంటే ఎడ్లు పైరు మేయకుండా మూతికి కట్టే తాడు వల.

"ఇవి ఏనుగులకా బేటా? నా వాటికి కడితే కండ్లు గూడ మూసుకపోతయి."

"గంత చిన్నవి ఎవరల్లుతరు ఖాలా? మేకలకు ఎవరన్న చిక్కాలు కడతరా?"

"నువ్వు గూడ మేకలనవట్టినవా? అల్లేటోనికి జర చెప్పు. కొలత నేనిస్త."

అని పిడికిలి బిగించి నా ముందు పెట్టేది. ఆ పిడికిలి కొలతకే అల్లించేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్తలో కరువు పడింది, గుర్తుందా? బోర్లలో గాలి తప్ప ఏమీ రాలేదు. చెరువు నెర్రెలు బారింది. పశువులు మందలు మందలుగా అంగడికి పోయాయి. అప్పుడు ఖాలా ఇంట్లో ఒక ఆవు, ఇంకా కాడి మోయని కోడెల జత ఉన్నాయి. కొడుకేమో నలుగురితో కలిసి ట్రాక్టర్ కొనాలనే పట్టుదల మీద ఉన్నాడు. కోడెలు అమ్మి తన వాటా కట్టేద్దామని దళారిని ఇంటికే తీసుకొచ్చాడు. నేను తవుడు బస్తా దించడానికి వెళ్లి ఆ బేరం మధ్యలో ఇరుక్కున్నాను.

దళారి కోడెల చుట్టూ తిరిగాడు. "అక్కా, ఇవి ఇంక ఎదుగుతయా?"

"ఎదిగినకాడికి ఎదిగినయి."

"మరి గింత పొట్టిగున్నయి?"

"నువ్వెంత ఉన్నవు? నీ పెండ్లాం వద్దన్నదా?"

దళారి నిజంగానే పొట్టివాడు. అందరికన్నా ముందు అతనే నవ్వాడు. కొడుకు మాత్రం నవ్వలేదు.

"అమ్మీ, మేతేది? ఎండలకు సచ్చిపోతే జోడి పాయె, పైసలు గూడ పాయె."

"పత్తి ఇంటికొచ్చేదాక ఆగు. గీ వానకాలం ఇవి అక్కరకు రాకుంటే నేనే పగ్గం ఇప్పి చేతిల పెడత" అంది ఖాలా. దళారి సరేనన్నాడు, నేను సాక్షినయ్యాను. అలా ఆ కోడెలు ఇంట్లో ఉండాలా పోవాలా అన్నది ఒక్క వానాకాలం మీద పడింది.

ఇక ఆ ఎండాకాలం ఆమె పడ్డ తిప్పలు నేను చూశాను. తెల్లారకముందే చెరువులోకి తోలుకుపోయి, రాలిన తుమ్మకాయలు ఏరి పెట్టేది. మధ్యాహ్నం గోనెసంచులు తడిపి కోడెల వీపుల మీద కప్పేది. "మనకు చెమట పడితే తుడుసుకుంటం, వాటికి చేతులున్నయా?" అనేది. చివరికి గడ్డివాము అడుగంటింది. ఒకరోజు వెళ్లేసరికి ఖాలా నిచ్చెన ఎక్కి వంటపాక కప్పు పీకుతోంది! వరిగడ్డి కప్పు. పొగచూరిన పొర పక్కకు పడేసి, మంచిది దులిపి, ఉప్పునీళ్లు చల్లి కోడెల ముందు వేస్తోంది.

కొడుకు కింద నిలబడి మొత్తుకుంటున్నాడు. "ఇల్లు పీకి ఎడ్లకేస్తవా అమ్మీ? ఊరోళ్లు నవ్వుతున్నరు!"

"నవ్వనీ. పాక మళ్ల కప్పుకుంటం. డొక్క ఎండినంక దాని మీద ఏం కప్పుతవ్? నిలవడి సూసుడేంది, నిచ్చెన పట్టు!"

వాడు గొణుక్కుంటూనే పట్టుకున్నాడు.

ఆ తర్వాత వానలు పడేదాకా ఆమె వంట ఆకాశం కిందే. చాయ్‌లో వేపాకు రాలితే వేలితో తీసేసి గ్లాసు చేతికిచ్చేది. తొలివానకు పొయ్యి ఆరిపోయింది, అన్నం సగం ఉడికి ఆగింది. ఖాలా తడుస్తూనే నాకు ఫోన్ చేసింది. "ఇనవడుతుందా బేటా?" అంది. ఫోన్ వానలోకి చాపినట్టుంది, చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అంత మంచి ఫోన్ నాకు మళ్లీ రాలేదు.

వాన మొదలైతే అయ్యింది, ఇక ఆగనంది. ముసురు మీద ముసురు. పత్తి మోకాలెత్తు, అందులో గడ్డి కూడా మోకాలెత్తు. నాలుగు రోజులు తెరిపి దొరికినప్పుడే గడ్డి తీయాలి, లేకపోతే పంట పోయినట్టే. ఊరందరికీ ఒకేసారి పని పడితే కూలీలు ఎక్కడ దొరుకుతారు? కోడెలను మేకలని ఎక్కిరించిన పక్కచేను ఆయన ట్రాక్టర్ దింపాడు. రేగడిలో చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి. పెద్ద ఎడ్లు ఒక జత ఉంటే కట్టి చూశారు. అవి సాలులో పట్టక మొక్కల మీదే నడిచాయి.

ఖాలా నన్ను చిక్కాలు తెమ్మంది. బురదలో బండి తోసుకుంటూ వెళ్లాను. తొలివానల నుంచే కాడి అలవాటు చేసిన కోడెలకు చిక్కాలు కట్టి, గుంటుక కట్టారు. గుంటుక అంటే సాళ్ల మధ్య గడ్డిని కోసే పొడుగాటి ఇనుప బద్ద ఉన్న పనిముట్టు. కొడుకు వెనక మేడి పట్టాడు. ఖాలా చీర కొంగు నడుముకు చెక్కి ముందు నడిచింది. కోడెలు చెరొక సాలులో సరిగ్గా పట్టాయి. చేను ఆ చివరిదాకా పోయి తిరిగొచ్చాయి. వెనక నల్లమన్ను తిరగబడింది, గడ్డి వేళ్లు ఆకాశం చూస్తున్నాయి.

కొడుకు ఆగి వెనక్కి చూశాడు. "అమ్మీ, ఒక్క కొమ్మ ఇరగలే!"

"ఇరుగుతదని కట్టినమా? నడువు."

మధ్యాహ్నానికి పక్కచేను ఆయన గట్టు మీదికి వచ్చాడు. "అక్కా, జర మా చేన్ల గూడ..."

"మా ఇంట్ల ఉన్నయి మేకలు గదా తమ్మీ. మేకలతోని ఎవుసం చేస్తవా?"

"తప్పాయె అక్కా. మేకలు గావు, పులులు."

"పులులంటే నా ఎడ్లు బెదురుతయి. ఎడ్లే అను, చాలు."

కానీ ముందు అతని చేనుకు పోలేదు. మొగుడు పోయి, ఒక్కతే ఎవుసం చేసుకుంటున్న ఆడమనిషి చేనుకు పంపింది. "నాది పక్కనే గదక్కా!" అని అతను మొత్తుకుంటే, "పక్కనే గనుక ఆఖర్న చేసినా దూరం గాదు" అంది. తెరిపి ఉన్నన్ని రోజులూ ఆ జత ఊరి చేలన్నీ తిరిగింది. ఎండ ముదిరితే మాత్రం ఎంత బతిమాలినా కాడి విప్పించేది. మెడలకు ఆముదం రాసేది. "వాటి మెడ పుండయితే అది మన మొకం మీద పుండే" అనేది.

పత్తి ఇంటికొచ్చింది. మాట ప్రకారం దళారి కూడా వచ్చాడు. ఈసారి బేరం ఆడింది కొడుకు.

"జోడి ఇయ్యం గని కాకా, దూడ గావాల్నంటే ఆవు ఈనేదాక ఆగు. నీ ముందు చానమంది ఉన్నరు."

కొత్త కప్పు వేసిన పాకలో ఖాలా చాయ్ పోస్తోంది. దళారి గ్లాసులో మాత్రం చక్కెర ఇంకో చెంచా వేసింది.

ఆ తర్వాత ఆమె ఇంటి దూడలు చుట్టుపక్కల ఊళ్లకు పోయాయి. "మేత దానికి ఏసినంకనే నువ్వు తినాలె. తప్పితే వచ్చి వాపస్ పట్టుకపోత" అని చెప్పి మరీ ఇచ్చేది. ఇప్పుడు మా కొట్టులో ముందుగా అయిపోయేవి చిన్న చిక్కాలే.

శుక్రవారం సన్నటి జల్లులోనే మట్టి చేశాం. ఆదివారం మూడోనాటి ఫాతెహా ప్రార్థనలు అయ్యేసరికి తెరిపి ఇచ్చింది. కొడుకు మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆమె చేనులో గడ్డి లేస్తోంది. అప్పుడు పక్కచేను ఆయన తన పొట్టి జతను తోలుకుని వచ్చాడు, ఈ ఇంటి దూడలే అవి. వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. పిలిచింది ఎవరూ లేరు.

"నేను గూడ వస్త" అని కొడుకు లేవబోయాడు.

"నువ్వు కూసో. ఇయ్యాల అక్క చేను మాది" అన్నాడాయన.

నేను గట్టు మీద నిలబడ్డాను. ఈ ఏడు పత్తి ఏపుగా ఉంది. ఎడ్లు కనపడటం లేదు. జతలు జతలుగా కొమ్ముల కొసలు, వాటి వెనక రుమాళ్లు చుట్టిన తలలు పచ్చటి ఆకుల మీదుగా కదిలిపోతున్నాయి. అవి దాటిపోయిన చోట మొక్కలు ఒక్కసారి ఊగి, మళ్లీ నిటారుగా నిలబడుతున్నాయి.