లీడియా పొయ్యి చప్పుడు

ధ్రువానికి దగ్గర్లో, కొయుకుక్ నది ఒడ్డున మా ఊళ్లో మాట్లాడడానికి తొందరపడే మనిషిని పిల్లాడికింద జమకడతారు. ఎదుటివాళ్లు చెప్పింది పూర్తయ్యాక కాసేపు ఊరుకోవాలి. ఆ మాట మనలోకి దిగాలి. ఆ తరవాతే మన మాట. ఈ మర్యాదలో మా అక్క లీడియా అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. టీ తాగుతావా అని అడిగితే కెటిల్ మరిగాక జవాబు వచ్చేది.

అలాంటి మనిషిని తీసుకెళ్లి ఉపగ్రహం రేడియో ముందు కూర్చోబెట్టారు.

అక్క మా ఊరి ఆరోగ్య కార్యకర్త. డాక్టరు ఉండే ఆసుపత్రి చాలా దూరాన, యూకాన్ నది ఒడ్డున ఉంది. మాకు రోడ్డు లేదు. చలికాలంలో గడ్డకట్టిన నది మీద దిగే చిన్న విమానమే దిక్కు. దాన్ని పిలవాలంటే రేడియో కావాలి. ఉత్తరపు వెలుగులు, ఆ రంగురంగుల ధ్రువకాంతులు, ఆకాశంలో ఆడినన్నాళ్లూ మా పాత రేడియో గురగుర తప్ప ఏమీ పలికేది కాదు. బావ కడుపునొప్పితో మెలికలు తిరిగిన వారమంతా ఆ వెలుగులు ఆగలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అక్క ఆ డబ్బాలోకి పిలుస్తూనే ఉంది. వెలుగులు ఆరేసరికి బావ లేడు. వాళ్లకు పిల్లల్లేరు. అప్పటినుంచి అక్క తన ఇంటికి తాళం పెట్టి క్లినిక్ గదిలోనే పడుకునేది. మా ఇంటికి వచ్చి ఉండమంటే వస్తాలే అనేది. రాలేదు.

పందొమ్మిది వందల డెబ్బై ఒకటిలో ఇద్దరు మనుషులు విమానంలో దిగి క్లినిక్ కప్పు మీద యాంటెన్నా బిగించారు. దక్షిణాన సముద్రం మీద, చాలా ఎత్తున, ఒక ఉపగ్రహం కదలకుండా నిలబడి ఉంటుందట. దాని ద్వారా మాట్లాడితే వెలుగులు అడ్డం రావట. ఇదంతా ప్రయోగమనీ, ఎంతవరకు పనికొస్తుందో చూడాలనీ చెప్పారు. ముసలి పాట్రిక్ తాత వాళ్లు చూపించినవైపు స్ప్రూస్ చెట్ల మీదుగా చాలాసేపు చూసి, కనపడని మూస్ దుప్పిని చూపించి కూర వండుకోమన్నట్టుందన్నాడు.

మొదటి రోజుల్లో తాత మాటే నిజమయ్యేలా కనిపించింది. డాక్టరు రోజూ మధ్యాహ్నం ఒక్కో ఊరినీ వరసగా పిలిచేవాడు. మా ఊరి పేరు పిలిచి, రోగులెవరైనా ఉన్నారా అని అడిగేవాడు. అక్క ఆయన మాటను మర్యాదగా లోపలికి దిగనిచ్చేది. ఈలోగా జవాబు లేదనుకుని ఆయన తరవాతి ఊరికి వెళ్లిపోయేవాడు. యంత్రం చెడిందని మెకానిక్‌ని పంపారు. పాపం అతను కొంకర్లు పోయిన చేతులతో కప్పెక్కి, మరలన్నీ విప్పి బిగించి, అంతా బాగానే ఉందంటూ తల గోక్కుంటూ పోయాడు. బాగాలేనిదల్లా మా మర్యాద ఒక్కటే. త్వరగా జవాబియ్యవే అని నేను పోరితే, ఆయన మాట ఇంకా గాల్లో ఉండగానే తన మాట తోసెయ్యడం తనవల్ల కాదంది.

దారి చూపింది అగాథా. నదికి ఎగువన, ఇంకో ఊళ్లో ఆమె కార్యకర్త. అక్క ఆమెను ఎన్నడూ చూడలేదు. డాక్టరు పిలుపులు ముగిశాక కార్యకర్తలు మాట్లాడుకోవడానికి రేడియోను కాసేపు వదిలేవారు. అప్పుడు అగాథా గొంతు వినిపించింది.

"వదినా, నువ్వక్కడే ఉన్నావని నాకు తెలుసు. ఆ పిచ్చి డాక్టరుకే తెలీదు. మాట్లాడే మీట నొక్కి ఊరుకో. నీ పొయ్యి చప్పుడైనా వింటాడు. వింటే ఆగుతాడు."

మర్నాడు అక్క మీట నొక్కి ఊరుకుంది. రేకు పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి. డాక్టరు ఆగాడు. చదువుకున్నవాడు కదా, త్వరగానే నేర్చుకున్నాడు.

ఆ చలికాలం అక్క నవ్వడం చూశాను. అగాథాకూ ఎవరూ లేరు. కుందేళ్ల ఉచ్చులు, కుక్కల అల్లరి, వాళ్ల చర్చి ఫాదర్ గురక, అన్నీ చెప్పేది. అక్క కూడా పొద్దుటినుంచీ ఆమెతో చెప్పాల్సిన మాటలు పోగేసుకునేది. అవే మాటలు నాతో చెప్పొచ్చు కదా అని నాకు ఉక్రోషంగా ఉండేది. ఉన్నమాట అంటే, అసూయ. ఆకాశంలోంచి వచ్చే గొంతు మా అక్కకు దిక్కయింది, పక్కింట్లో ఉన్న చెల్లెలు కాలేకపోయింది.

ఆ రేడియోలో రహస్యం ఉండదు. ఒక ఊరి రోగం నది పొడుగునా అన్ని ఊళ్లూ వింటాయి. జనం క్లినిక్ బల్లల మీద టీ కప్పులతో కూర్చుని, ఎవరి చెవిపోటు తగ్గిందో, ఎవరి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందో వినేవాళ్లు. మావాళ్ల నోట్లో నువ్వుగింజ నానుతుంది గానీ, చెవులు మాత్రం పెద్దవి.

ఫిబ్రవరిలో, అగాథా మీట నొక్కి ఊరుకున్నప్పుడు ఆమె పొయ్యి చప్పుడు వెనక దగ్గు వినిపించింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గే దగ్గు. మొదట అక్క విన్నది, తరవాత నేనూ విన్నాను. అది మా ఇద్దరికీ తెలిసిన దగ్గే. మా అమ్మ అలాగే దగ్గేది. ఆమెను విమానం ఎక్కించి ఎక్కడో దక్షిణాన టీబీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. సమాధి ఎక్కడుందో కూడా మాకు తెలీదు.

అగాథా ఊరందరి రోగాలూ చెప్పేది, తనది చెప్పేది కాదు. మాలో ఎవరూ చెప్పరు. చెడును పేరు పెట్టి పలికితే అది ఇల్లు వెతుక్కుంటూ వస్తుందంటారు. ఇంకొకరి రోగాన్ని నదంతా వినేలా పలకడమైతే శాపం పెట్టడమే. అందుకని అక్క ఒకనాడు, దగ్గుకు స్ప్రూస్ బంక మంచిదని ఊరికే అన్నట్టు అంది. అగాథా చాలాసేపటికి జవాబిచ్చింది.

"మా ఊళ్లో ఎవరికీ దగ్గు లేదు వదినా."

ఆ సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. డాక్టరుకు చెబితే అగాథాను తీసుకుపోతారు, ఇక ఆమె తనతో మాట్లాడదు. చెప్పకపోతే అగాథాయే ఉండదు. ఏం చెయ్యమంటావని నన్నడిగింది. ఇన్నాళ్ల ఉక్రోషం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"చెప్పెయ్ అక్కా. మళ్లీ ఆ డబ్బా ముందు కూర్చుని మనిషిని పోగొట్టుకోకు."

అక్క తలుపు దగ్గరగా వేసి క్లినిక్‌కి వెళ్లిపోయింది.

మర్నాడు డాక్టరు అగాథా ఊరిని పిలిచాడు. రెండు జ్వరాలు, ఒక కాలిన చెయ్యి చెప్పి ఆమె ముగించింది. ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగాడు. ఆ మాట చివర ఇంకా చెవిలో ఉండగానే మా అక్క మీట నొక్కింది.

"డాక్టరుగారూ, అగాథాకు టీబీ. నెలనుంచి దగ్గుతోంది. విమానం పంపండి."

బల్లల మీదివాళ్లు కప్పులు దించేశారు. అక్క తన జన్మలో ఎవరి మాట మీదా అలా మాట వెయ్యలేదు. అప్పుడు అగాథా మీట నొక్కిన టక్కు వినిపించింది. పొయ్యి చప్పుడు. దగ్గు లేదు, మాటా లేదు. మీట వదిలేసింది.

ఆమెను తీసుకెళ్తున్న విమానం మందులు దించడానికి మా ఊరి దగ్గర నది మీద ఆగింది. అక్క ఎండు సాల్మన్ మూట పట్టుకుని మంచులో నిలబడింది. కిటికీ వెనక దుప్పటి కప్పుకున్న చిన్న మనిషి కనిపించింది. గొంతు విని భారీ మనిషనుకున్నానని అక్క తరవాత అంది. మూటను పైలట్ అందుకున్నాడు. అగాథా ఇటు తిరగలేదు.

ఆమె స్థానంలో ఒక పడుచుపిల్ల వచ్చింది. అడిగీ అడగకముందే జవాబిచ్చేది. డాక్టరుకు అది హాయిగానే ఉండేది. మా ఊళ్లో కొందరు అక్క పక్కన కూర్చోవడం మానేశారు, రోగాన్ని పేరు పెట్టి పిలిచిన నోరని. నేను టీ తీసుకెళ్లి కూర్చునేదాన్ని. తాగేది. పిలుపులన్నీ ముగిశాక కూడా, ఎవరితోనూ మాట్లాడకుండా రేడియో ముందే ఉండిపోయేది. అంత ఒంటరి మనిషిని నేను చూడలేదు.

నది మంచు పగిలింది, దోమలొచ్చి పోయాయి, మళ్లీ నది అంచులు గడ్డకట్టాయి. ఒకనాడు పిలుపులయ్యాక డాక్టరు, ఇక్కడ ఒకరు కాసేపు కూర్చుంటారట అని మాత్రం చెప్పి తప్పుకున్నాడు. మీట టక్కుమంది. ఆసుపత్రిలో పొయ్యి చప్పుడు ఉండదు. అగాథా ఊపిరి ఒక్కటే వినిపించింది. అక్క ముందుకు వంగింది. మేమిద్దరం ఆ ఊపిరి వింటూ కూర్చున్నాం. ఎక్కడా తెగలేదు, ఎక్కడా దగ్గు లేదు. తరవాత మీట వదిలేసింది.

ఇక అక్క వంతు. తొందరపడలేదు. లేచి వెళ్లి పొయ్యిలో పొడికట్టె ఒకటి వేసి, పొయ్యి తలుపు తెరిచే ఉంచి, వచ్చి మీట నొక్కింది.